బావగారి మూస్ వేటకి ఏ తూటా?

పోయిన నెల ఈ శీర్షికలో మా ఓడ రోజుల గురించి ఎవరో అడిగితే చెబుతూ, దక్షిణాఫ్రికాలో రిచర్డ్స్ బే రేవులో మా ఓడ బొగ్గు ఎక్కించుకుంటున్నప్పుడు అక్కడి రైతు ఒకాయన నా చేత .375 రైఫిల్ కాల్పించాడని ఒక్క వాక్యం రాశాను. అంతే. ఇంజన్ రూము గురించి చెమటోడ్చి రాసిన రెండు పేజీలకి ఒక్క ఉత్తరం రాలేదు గానీ ఆ ఒక్క వాక్యానికి మాత్రం కట్టలు కట్టలుగా వచ్చాయి. తిట్లు కూడా ఉన్నాయి, అవీ వేస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను, మళ్లీ ఎవరూ అడక్కుండా. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి సరదా వేట అనే మాటే లేదు. కింద వచ్చే వేట కబుర్లన్నీ డబ్బు కట్టించుకుని వేటకి లైసెన్సులిచ్చే దేశాలవి.

ప్రశ్న: మా బావగారు చాలా ఏళ్లుగా అలాస్కాలో, ఆంకరేజ్‌లో ఉంటున్నారు. గ్రీన్‌కార్డు ఉంది. వచ్చే సెప్టెంబరులో మూస్ (దుప్పి జాతిలో అన్నిటికంటే పెద్దది) వేటకి వెళ్తారట, రైఫిల్ కొనాలని ఒకటే హడావిడి. ఆఫీసులో ఒకాయన .300 విన్చెస్టర్ చాలన్నాడట, ఇంకొకాయన .338 అంటాడట, షాపులో కుర్రాడు ఎలుగుబంట్లుంటాయి సార్, .375 తీసుకోండి అన్నాడట. నేను ఇక్కడ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాలుస్తానని, నాకు అన్నీ తెలుసనుకుని నన్ను అడుగుతున్నారు. ఆ టైముకి నేనూ అక్కావాళ్లింట్లోనే ఉంటాను. ఏం చెప్పమంటారు? (సీతమ్మధార)

జవాబు: ఒక్క ముక్కలో చెప్పమంటే .338 విన్చెస్టర్ మాగ్నమ్. కానీ ఆ ముక్క అప్పుడే వాట్సాప్‌లో పెట్టేయకండి, మిగతాది కూడా చదవండి.

ఆ నంబర్లు ఇంచుమించు గుండు (తూటాలోంచి ఎగిరి వెళ్లే ముక్క) లావు, అంగుళాల్లో. .338 అంటే సుమారు 8.6 మిల్లీమీటర్లు, .375 అంటే తొమ్మిదిన్నర. ఇంచుమించు .33 నుంచి .375 దాకా ఉన్నవాటిని మీడియం బోర్ అంటారు, ఆ లెక్కన .300 వీటికి తమ్ముడు. గుండు బరువు గ్రెయిన్లలో చెప్తారు. మన కంసాలి దగ్గర గురివింద గింజ ఎలాగో అదీ అలాంటి పాత తూకమే, ఒక గ్రెయిన్ 65 మిల్లీగ్రాములు అనుకోండి. .300 విన్చెస్టర్ మాగ్నమ్ 1963లో వచ్చింది, 180 గ్రెయిన్ల గుండుని సెకనుకి 900 మీటర్ల వేగంతో వదుల్తుంది. .338 అంతకు ముందే, 1958లో వచ్చింది, 250 గ్రెయిన్ల గుండు, 800 మీటర్ల పైచిలుకు వేగం. దాన్ని పెట్టి అమ్మిన మొదటి రైఫిల్‌కి విన్చెస్టర్ వాళ్లు పెట్టిన పేరే అలాస్కన్, అంటే మీ బావగారి ఊరిని తలుచుకునే చేసినట్టుంది. .375 హాలండ్ అండ్ హాలండ్ తాతల కాలంది, 1912లో లండన్‌లో పుట్టింది, 300 గ్రెయిన్లు, 770 మీటర్లు. గొట్టం దాటేటప్పుడు ఉండే శక్తి చూస్తే .300కి సుమారు 4,750 జౌల్స్, .338కి 5,280, .375కి 5,780. కాగితం మీద చూస్తే పెద్ద అంకే మంచిదనిపిస్తుంది. షాపులో కుర్రాడికి కావాల్సింది కూడా అదే.

మూస్ చిన్న జంతువేం కాదు, అలాస్కాలో పెద్ద మగది 700 కిలోల దాకా తూగుతుంది, ఒంగోలు గిత్తని తెచ్చి పక్కన నిలబెడితే గిత్తే పొట్టిగా కనిపిస్తుంది. అయినా అది ఆఫ్రికా దున్నలాగా పగబట్టే మొండి ఘటం కాదు. ఊపిరితిత్తుల్లోకి గుండు సరిగ్గా దిగితే .300తో అయినా పడుతుంది. చిక్కేంటంటే వెంటనే పడదు. ఏమీ జరగనట్టు అలాగే నిలబడి చూస్తుంటుంది, కొత్తవాళ్లు తప్పిపోయిందనుకుని కంగారుపడతారు, ఈలోపు అది నాలుగడుగులు వేసి చెరువులోకి దిగి అక్కడ పడిపోతుంది, ఇక చూస్కోండి. అందుకే నిలబడి ఉంటే రెండోది కూడా కొట్టమంటారు.

మరి .300 చాలినప్పుడు .338 ఎందుకన్నానంటే, మూస్ ఎప్పుడూ ఫొటోకి నిలబడ్డట్టు పక్కకి తిరిగి నిలబడదు. ఏటవాలుగా ఉన్నప్పుడు జబ్బ ఎముక దాటి లోపలికి పోవాలంటే బరువైన, పొడవైన గుండు కావాలి. పైగా షాపు కుర్రాడు ఎలుగుబంట్ల గురించి చెప్పింది అబద్ధం కాదు, కోసి పెట్టిన మాంసం వాసనకి అవి వస్తాయి. ఈ రెండింటికీ .338 సరిపోతుంది. దాని మీద .375 కొంటే మూస్‌కి ఒరిగేదేమీ లేదు, మీ బావగారి భుజానికి మాత్రం ఒరుగుతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. నాలుగు కిలోల రైఫిల్ అనుకుంటే, .30-06 అనే మామూలు తూటా వెనక్కి తన్నే దెబ్బ 20 ఫుట్-పౌండ్లు ఉంటుంది. .300 మాగ్నమ్‌కి 25 పైమాటే. .338 దగ్గరకొచ్చేసరికి 33 దాకా పోతుంది, .375 అయితే 37, 38. ఇవి లెక్కలు, చదివితే ఏమీ అనిపించదు, నాకూ అనిపించలేదు.

రిచర్డ్స్ బే నుంచి గంటన్నర లోపలికి వెళ్తే ఆ రైతు పొలం. చెక్క బల్ల మీద ఇసుక మూటలు వేసి, రైఫిల్ చేతికిచ్చి, భుజానికి గట్టిగా నొక్కిపట్టు అన్నాడు. నేను నొక్కిపట్టడం అనే పనిని మర్చిపోయి, స్కోప్‌లోంచి, అంటే తుపాకి మీద బిగించే దుర్బీనులోంచి, బాగా కనబడాలని మొహం ముందుకి జరిపాను. పేలింది. చప్పుడు విన్న గుర్తు లేదు, కుడి కనుబొమ్మ మీద ఏదో చల్లగా తగిలినట్టనిపించింది, తర్వాత వెచ్చగా కారడం మొదలైంది. స్కోప్ అంచు నెలవంకలా కోసేసింది. వేటగాళ్లలో ఇది ఎంత మామూలంటే ఆ రైతు నవ్వాపుకుంటూ జేబులోంచి ప్లాస్టర్ తీశాడు, సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడన్నమాట. సాయంత్రం ఓడెక్కుతుంటే గ్యాంగ్‌వే దగ్గర ఏమైందని అడిగితే పైపు తగిలిందని చెప్పాను. మాగ్నమ్ మీద స్కోప్ బిగించేటప్పుడు కంటికీ అద్దానికీ మధ్య కనీసం తొమ్మిది, పది సెంటీమీటర్లు, అంటే బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే వచ్చే వెడల్పు కంటే కొంచెం ఎక్కువే ఉండాలని మీ బావగారికి ముందే చెప్పండి. వాలు మీద పైకి కాల్చేటప్పుడు ఆ దూరం ఇంకా తగ్గిపోతుంది, గుర్తుపెట్టుకోవాలి.

ఆ గాయం మానింది గానీ భయం మానలేదు. తర్వాతి ట్రిప్పులో మళ్లీ వెళ్తే ఆ పెద్దమనిషి ఒక పని చేశాడు. నాకు కనబడకుండా రైఫిల్ నింపి ఇస్తున్నాడు, ఒకసారి తూటా పెట్టి, ఒకసారి ఖాళీగా. ఏది ఏదో నాకు తెలీదు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మంది, తూటా లేదు. కానీ గొట్టం చివర బెత్తెడు కిందికి దిగింది, నా కళ్లు మూసుకుపోయాయి, భుజం ముందుకి తోసుకొచ్చింది. పేలని తుపాకికి నేను ఎగిరిపడ్డాను! తూటా ఉన్నప్పుడు కూడా సరిగ్గా ఇదే చేస్తున్నానని, చప్పుడులో అది కనబడదని అప్పుడు అర్థమైంది. వంద మీటర్ల దూరంలో ఆ బెత్తెడు ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

మీ బావగారికి ఇదే పరీక్ష పెట్టండి. అలాస్కాలో రేంజికి వెళ్తే అద్దెకో అరువుకో ఒక .338 దొరక్కపోదు. డమ్మీ తూటాలు కలిపి మీరే నింపి ఇవ్వండి. పది మీటర్ల దగ్గర అర మిల్లీమీటరు చుక్కని కొట్టే మీకు ట్రిగ్గర్ ఎలా నొక్కాలో ఆయన కంటే బాగా తెలుసు, వయసులో చిన్నవాడినని మొహమాటపడకండి, బావమరిదికి ఆ హక్కుంది. గొట్టం కదలకపోతే .338 కొనమనండి. దిగిపోతుంటే, ఇంకో వారం చూసి అప్పటికీ తగ్గకపోతే, నోరు మూసుకుని .300 గానీ .30-06 గానీ కొనమనండి, మూస్‌కి తేడా తెలీదు. ఒక్క రోజులో పదీ పదిహేను తూటాలకి మించి కాల్చనివ్వకండి, మగతనం చూపించుకోవడానికి నలభై కాల్చిన వాళ్లందరికీ ఈ జబ్బే పట్టుకుంటుంది. గొట్టం చివర మజిల్ బ్రేక్ అని ఒకటి పెడితే తన్నుడు తగ్గుతుంది, నిజమే, కానీ ఆ పేలుడు పక్కకి తిరిగి పక్కన నిలబడ్డవాడి చెవులు చిల్లులు పడేలా చేస్తుంది, ఆ పక్కన నిలబడేది మీరే.

ఇంకొకటి, తూటా పేరు కంటే లోపలి గుండు కట్టడం ముఖ్యం. 1946లో జాన్ నాస్లర్ అనే ఆయన కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో మూస్ వేటకి వెళ్లాడు. చేతిలో .300 హాలండ్ అండ్ హాలండ్, మామూలు తూటా కాదు. ఎదురుగా బురద పూసుకుని ఆరిపోయిన పెద్ద మూస్. కాల్చిన గుండ్లు ఆ బురదకీ తోలుకీ తగిలి పైపైనే చితికిపోయాయి, లోపలికి దిగలేదు. వేగం ఎక్కువై గుండు తట్టుకోలేకపోయిందన్నమాట. ఆయన ఇంటికొచ్చి, గుండు మధ్యలో అడ్డుగోడ లాంటిది పెట్టి, ముందు సగం పువ్వులా విచ్చుకున్నా వెనక సగం గట్టిగా ఉండి లోపలికి పోయేలా ఒకటి తయారుచేశాడు. అదే పార్టిషన్, 1948 నుంచి అమ్ముతున్నారు, ఇప్పటికీ ఉంది. ఇప్పుడు పూర్తిగా రాగితో చేసినవీ వస్తున్నాయి, అవీ మంచివే. .338లో 225 గ్రెయిన్లో 250 గ్రెయిన్లో అలాంటి గట్టి గుండు ఉన్న డబ్బా ఒకటి ఎంచుకుని, రేంజిలోనూ అడవిలోనూ అదే కాల్చమనండి.

దూరం గురించి పెద్ద టెన్షన్ వద్దు. 200 గజాలకి గురి సరిచేసిన .338, 300 గజాల దగ్గర జానెడు లోపే కిందికి దిగుతుంది, .375 అయితే జానెడు దాటుతుంది. మొదటిసారి వెళ్లేవాడు 200 గజాలు దాటి కాల్చకపోతే ఈ లెక్కే అక్కర్లేదు.

చివరగా మీ సంగతి. మీరు విజిటర్‌గా వెళ్తున్నారు కదా, అలాస్కాలో విదేశీయులు ఏ పెద్ద జంతువుని వేటాడాలన్నా లైసెన్సున్న గైడ్ పక్కన ఉండి తీరాలి, బావగారు పక్కన ఉంటే చాలదు. కాబట్టి మీరు తుపాకి పట్టకుండా వెంట వెళ్లండి. గ్రీన్‌కార్డు లేకుండా హెచ్‌వన్‌బీ లాంటి వీసా మీద ఉన్న మన పిల్లలు కూడా ఒకటి తెలుసుకోవాలి, అమెరికా కేంద్ర చట్టం ప్రకారం వాళ్ల దగ్గర తుపాకి ఉండకూడదు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. సరదాకి స్నేహితుడి తుపాకి పట్టుకుని ఫొటో పెట్టి ఇరుక్కోవద్దు. మీకు పని లేదనుకుంటున్నారేమో, ఉంది. పెద్ద మూస్ పడితే 200 కిలోలు దాటి మాంసం వస్తుంది, తినదగ్గ మాంసం వదిలేసి రావడం అక్కడ నేరం. అదంతా వీపు మీద మోసేది ఎవరనుకుంటున్నారు?

ప్రశ్న: సార్, మాగ్నమ్ అంటే అసలు ఏంటి? ఫోన్ గేముల్లో .300 మాగ్నమ్, .338 లాపువా అంటుంటారు. .375 తూటా ఫొటో చూస్తే అడుగున బెల్ట్ లాంటిది ఉంది, అది బలం కోసమా? (ఇంజనీరింగ్ విద్యార్థి, పెదవాల్తేరు)

జవాబు: మాగ్నమ్ అనేది షాంపేన్ సీసా పేరు బాబూ. మామూలు దానికి రెట్టింపు, ఒకటిన్నర లీటరు పట్టే సీసాని మాగ్నమ్ అంటారు, మందు ఎక్కువ పట్టే తూటాకి కూడా ఆ పేరే తగిలించారు. మన భాషలో రెండు రకాల మందూ ఒకే మాట కాబట్టి నీకు సులువుగా అర్థమవుతుంది. అది పేరే తప్ప కొలత కాదు, ఇంత శక్తి ఉంటేనే మాగ్నమ్ అనాలని రూలేమీ లేదు.

బెల్ట్ మాత్రం మంచి ప్రశ్న. బలం కోసం కాదు. తూటాని బ్యారెల్ వెనక గదిలోకి తోసినప్పుడు అది ఎక్కడో ఒకచోట ఆగాలి, ఆగకుండా లోపలికి పోతే పిన్ను సరిగ్గా తగలదు, వెనక ఖాళీ ఉంటే పేలినప్పుడు తూటా ఇత్తడి తొడుగు (దీన్నే కేస్ అంటారు) సాగి చిరిగే ప్రమాదం. మామూలు తూటాకి మెడ కింద భుజం ఉంటుంది, అక్కడ ఆగుతుంది. పాతవాటికి అడుగున రిమ్ ఉంటుంది, పాత్ర మీద మూత అంచు ఆగినట్టు ఆగుతుంది. .375ని చేసినవాళ్లకి వేడి దేశాలు గుర్తున్నాయి, ఆ రోజుల్లో వాడిన కార్డైట్ మందు ఎండకి వేడెక్కితే ప్రెషర్ పెరిగేది, పేలాక ఖాళీ కేస్ ఇరుక్కుపోయేది. ఇరుక్కోకుండా జారి రావాలని కేస్‌ని గరాటులా ఏటవాలుగా పొడుగ్గా చేశారు, భుజం ఉండీ లేనట్టు అయింది. ఇక ఆగడానికి ఏదో ఒకటి కావాలి కదా, అందుకు అడుగున ఆ బెల్ట్ పెట్టారు. తర్వాత విన్చెస్టర్ వాళ్లు అదే కేస్‌ని కురచ చేసి 1956లో .458, 1958లో .338 తీశారు, వీటిలో .338కి చక్కటి భుజం ఉంది, బెల్ట్ అక్కర్లేదు, అయినా ఉంచేశారు. మాగ్నమ్ అంటే బెల్ట్ ఉండాలని జనం అనుకునే రోజులవి. 2007లో వచ్చిన .375 రూగర్ చూడు, బెల్ట్ లేదు, కేస్ అంతా బెల్ట్ అంత లావు చేశారు, దాంతో పొట్టి రైఫిల్‌లో కూడా పట్టేసింది, పని మాత్రం పాతదాని పనే.

.338 లాపువా వేరే కథ, .338 విన్చెస్టర్‌కి గుండు లావు ఒక్కటే పోలిక. అది చాలా దూరం కాల్చే సైనిక స్నైపర్ల కోసం తయారైంది. దాన్ని కాల్చే రైఫిళ్ల బరువు చూస్తే మూస్ వెనక కొండెక్కాలని ఎవరికీ అనిపించదు.

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది గాజువాక. మా ఆయన ఉద్యోగం మీద నమీబియాలో, విండ్‌హుక్‌లో ఉంటున్నాం. తెలిసినవాళ్ల పొలంలో కుడు, ఓరిక్స్ (ఇక్కడి పెద్ద జింకల్లాంటివి) వేటకి పిలిచారు. మా ఆయనతో పాటు నేనూ నేర్చుకుంటానన్నాను. నేను 52 కిలోలు, ఐదడుగుల ఒక అంగుళం. అందరూ .375 అంటున్నారు, నాకు భయంగా ఉంది.

జవాబు: భయం ఎందుకమ్మా, ఆ దేశంలో నీకు కావాల్సింది ఎప్పటినుంచో ఉంది. 1905లో బెర్లిన్‌లో ఆటో బాక్ అనే తుపాకుల తయారీదారు 9.3×62 అనే తూటా చేశాడు, ఆఫ్రికాలో స్థిరపడిన జర్మన్ రైతుల కోసం. వాళ్లకి ఇంగ్లీషు దొరల దుబారా తుపాకులు కొనే స్తోమత లేదు, చవగ్గా దొరికే మౌజర్ రైఫిల్‌లో పట్టాలి, పెద్ద జంతువు పడాలి. మీరుంటున్న దేశం అప్పట్లో జర్మన్ల చేతిలో ఉండేది, కాబట్టి ఆ పొలాల్లో ఈ తూటా ఇంకా కనబడుతుంది. 286 గ్రెయిన్ల గుండు, సెకనుకి 720 మీటర్లు. పేరులో మాగ్నమ్ లేదు, తన్నుడు .375 కంటే బాగా తక్కువ. 250 కిలోల కుడుకి ఇది కావాల్సినదానికంటే ఎక్కువే.

అక్కడి చట్టం జౌల్స్‌లో లెక్క కడుతుంది. కుడు, ఓరిక్స్, ఈలాండ్ లాంటివాటికి కనీసం 2,700 జౌల్స్ ఉండాలి, 9.3కి ఇంచుమించు 4,800 ఉన్నాయి, ఇబ్బంది లేదు. దున్నకీ ఏనుగుకీ 5,400 కావాలి. పైన సీతమ్మధార అబ్బాయికి చెప్పిన .338 అక్కడ 5,280 దగ్గర ఆగిపోయి వెంట్రుకవాసిలో ఫెయిలవుతుంది, .375 పాసవుతుంది. మీ చుట్టూ ఉన్నవాళ్లు .375 అనడానికి కారణం అదే అయ్యుంటుంది, ఆఫ్రికాలో చాలా దేశాలు ప్రమాదకరమైన జంతువులకి .375నే కనీస హద్దుగా పెట్టుకున్నాయి. నువ్వు దున్న మీదకి వెళ్లట్లేదు కదా. అది నీకెందుకు?

నీ విషయంలో తూటా కంటే ముఖ్యమైంది రైఫిల్ పొడుగు. భుజానికి ఆనించే వెనక కట్టె ఆరడుగుల మగవాడి చేతులకి సరిపోయేలా కోస్తారు, నువ్వు పడితే అది భుజం వదిలి జబ్బ మీదకి పోతుంది, దెబ్బ ఎముక మీద పడుతుంది. పొట్టి కట్టె ఉన్నది అడుగు, వెనక మెత్తటి రబ్బరు ప్యాడ్ ఉందో లేదో చూడు. మొదట బల్ల దగ్గర కూర్చుని కాల్చమంటే వద్దను. అక్కడ మూడు కర్రలు కట్టిన స్టాండు మీద పెట్టి నిలబడి కాలుస్తారు, నిలబడితే ఒళ్లు వెనక్కి ఊగి దెబ్బని మింగేస్తుంది, కూర్చుంటే ఊగడానికి చోటుండదు. చెవులకి మఫ్ మర్చిపోకు. మీ ఆయన కంటే నువ్వే బాగా కాలుస్తావని నా అనుమానం, నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు చెప్పింది వింటారు, మగవాళ్లు వాళ్లకి ముందే తెలిసింది చెప్తారు.

ప్రశ్న: రిటైరై రామకృష్ణా బీచ్‌లో వాకింగ్ చేసుకునే వయసులో ఈ జీవహింస ప్రచారం మీకు అవసరమా? (లాసన్స్ బే కాలనీ)

జవాబు: నేను ఇంతవరకు ఒక్క జంతువుని కాల్చలేదండి. ఆ దక్షిణాఫ్రికా రైతు ఇంపాలా జింకని కొట్టమని రెండుసార్లు అడిగాడు, నా వల్ల కాదన్నాను. అలాగని ఆదివారం కోడిని మానలేదు, కాబట్టి మీ ముందు నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

కానీ ఒకసారి ఆయన వెంట జీపులో ఉన్నాను. పట్నం నుంచి వచ్చిన అతిథి ఒకాయన, చేతిలో కొత్త మాగ్నమ్, తళతళలాడుతోంది. 120 మీటర్ల దూరంలో వైల్డబీస్ట్ కదలకుండా నిలబడి ఉంది. గుండు కడుపులో తగిలింది. తుపాకి తప్పు కాదు, పేలే ముందే ఆయన కళ్లు మూసుకోవడం నేను పక్కనుంచి చూశాను. మధ్యాహ్నం రెండింటి నుంచి చీకటి పడేదాకా రక్తపు చుక్కలు వెతుక్కుంటూ నడిచాం, గడ్డి పరక మీద ఒక చుక్క, తర్వాత వంద అడుగుల దాకా ఏమీ లేదు, మళ్లీ ఒక చుక్క. రైతు ఒక్క మాట మాట్లాడలేదు. టార్చి వెలుగులో దొరికింది, అప్పటికీ లేవడానికి చూస్తోంది. ఆయన తన పాత రైఫిల్‌తో ముగించాడు. మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ దగ్గర ఉన్న రైఫిళ్లలో పేరున్నది .275, గుండు ఏడు మిల్లీమీటర్లు, 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా వచ్చింది. నంబరు కోసం ఎగబడే వాళ్లకి అది గుర్తుచేయాలనిపిస్తుంది. వేట వద్దని మీరంటే నేను వాదించను. ఎలాగూ వెళ్లే మనిషి నన్ను అడిగితే మాత్రం చెప్తాను.

ప్రశ్న: చెరుకు తోటని అడవిపందులు తొక్కేస్తున్నాయి. స్నేహితుడి లైసెన్సు తుపాకితో కొట్టొచ్చా? (నర్సీపట్నం దగ్గర్నుంచి)

జవాబు: కొట్టకూడదు. స్నేహితుడి లైసెన్సు స్నేహితుడిదే, మీది కాదు. పందిని చంపాలంటే అటవీ శాఖ నుంచి రాతపూర్వకంగా ఉత్తర్వు ఉండాలి, ఆ అధికారం చట్టంలోని 11వ సెక్షన్ కింద వాళ్లకే ఉంది. రేంజ్ ఆఫీసులో నష్టం గురించి దరఖాస్తు పెట్టండి, ఫొటోలు తారీఖుతో సహా తీసి జత చేయండి. కరెంటు తీగ మాత్రం పెట్టకండి, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనుషులే దాని మీద పడి పోతున్నారు.

ప్రశ్న: మా తాతగారి రైఫిల్ ఒకటి మావయ్య పేరు మీద లైసెన్సుతో ఉంది. అది .375 అని, ఏనుగుల్ని పడేసేదని మావయ్య ప్రతి పెళ్లిలోనూ చెప్తారు. బీరువాలో పాత తూటాలు కూడా ఓ పద్నాలుగు ఉన్నాయి. ఫొటోలు పంపుతున్నాను. అమ్మితే ఎంతొస్తుంది? కాల్చి చూడొచ్చా? (విజయనగరం)

జవాబు: ఆ తూటాలు కాల్చొద్దు. ఎన్నేళ్లు ఏ ఎండకి ఉడికాయో తెలీదు, పేలకపోయినా ప్రమాదమే, పేలి పేలనట్టయి గుండు గొట్టంలో ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం. మావయ్యగారి లైసెన్సు మీద తూటాల లెక్క ఎంత రాసి ఉందో చూసి, ఆయన్నే తీసుకుని స్టేషన్‌కి గానీ లైసెన్సున్న డీలర్ దగ్గరికి గానీ వెళ్లి అప్పజెప్పండి. మీరు ఒక్కరే సంచిలో వేసుకుని బస్సెక్కకండి, లైసెన్సు లేని మనిషి దగ్గర తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసే.

ధర సంగతి తర్వాత. ఫొటోని పెద్దది చేసి చూశాను. .375కి అడుగున బెల్ట్ ఉంటుందని పైన చెప్పాను కదా, మీ తూటాకి బెల్ట్ లేదు, రిమ్ ఉంది, గోరు పెడితే తగిలేలా బయటికి పొడుచుకొచ్చింది. అడుగున కె.ఎఫ్ అని అచ్చు కనబడుతోంది, అది పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీది. రైఫిల్ చూడబోతే లీ ఎన్‌ఫీల్డ్ తోబుట్టువులా ఉంది. అది .315, ఎనిమిది మిల్లీమీటర్లు, కలకత్తా దగ్గర ఇషాపూర్‌లో చేసేవారు. అప్పట్లో సైన్యం వాడిన .303ని మామూలు జనం చేతికి ఇవ్వకూడదన్న రూలు వల్ల పుట్టిన తూటా అది, మన దేశంలో లైసెన్సుదారుల ఇళ్లలో బాగా కనబడే రైఫిల్ అదే. ఏనుగు కథ మిగతాదంతా నిజమే కావచ్చు, తాతగారి గురి ఎలాంటిదో నాకేం తెలుసు. వచ్చే పెళ్లిలో మావయ్యగారు మళ్లీ మొదలుపెడితే ఈ కాగితం తీసి చూపించాలా, భోజనాలయ్యేదాకా ఆగాలా అనేది మీ ఇంటి వ్యవహారం.